మేడ యింట వైఫై: బలహీనతకు కారణములు, బాగుపరచు మార్గములు

2021వ సంవత్సరమున వర్షాకాలము ప్రవేశించిన దినములవి. కరోనా వ్యాధి కారణముగా పాఠశాలలు మూయబడి, పాఠములన్నియు ఫోనుల ద్వారా జరుగుచుండెను. మా పదవ తరగతిలోని యొక బాలిక లెక్కల పాఠమునకు వచ్చుట, పది నిమిషములలో మాయమగుట, మరల వచ్చుట, ప్రశ్న వేసినచో పలుకకుండుట మేము పలుమారులు గమనించితిమి. అశ్రద్ధ యని తలచి, తరగతి యంతయు వినుచుండగా ఆమెను మందలించితిమి. ఆమె బదులు చెప్పలేదు. చెప్పినదేమో గాని, మాకు వినబడలేదు.

కొన్ని దినములకు పుస్తకములిచ్చు నిమిత్తము వారి యింటికి వెళ్లితిమి. అది మూడంతస్తుల మేడ. క్రింద తాతగారును నాయనమ్మగారును, మొదటి మేడమీద పినతండ్రిగారి కుటుంబమును, రెండవ మేడమీద ఆ బాలికయు తలిదండ్రులును నివసించుచుండిరి. బాలిక తన గదిలో లేదు. మొదటి మేడకును రెండవ మేడకును నడుమ తొమ్మిదవ మెట్టు మీద, మోకాళ్లపై నోటుబుక్కు నుంచుకొని కూర్చుండి యుండెను. "ఇక్కడైతేనే సిగ్నల్ వస్తుంది మాస్టారూ. గదిలోకి వెళ్తే తెగిపోతుంది" అనెను.

ఆ దినమున మాకు కలిగిన సిగ్గు నేటికిని మరువలేదు. లోపము బాలిక యందు లేదు. ఆమెకును వైఫై యంత్రమునకును నడుమ రెండు స్లాబులును నాలుగు గోడలును ఉండెను. ఆ మెట్టు మీదినుండి ఆమెను లేపి, గదిలోని బల్లయొద్ద కూర్చుండబెట్టుటకు మేమును ఆ యింటివారును చేసిన ప్రయత్నము వలన నేర్చుకొనిన సంగతులనే యిక్కడ వ్రాయుచున్నాము. నేడు పాఠశాలలు యథాప్రకారము జరుగుచున్నను, ఇంటిపని, దరఖాస్తులు, పరీక్షాఫలములు, దూరదేశములందున్న బిడ్డలతో సంభాషణములు మొదలగునవి యనేక గృహములలో వైఫై మీదనే నడచుచున్నవి. కావున పైగదిలో నుండువారికి క్రింద మిగిలినది మాత్రమే దక్కుట న్యాయము కాదు.

తరంగముల స్వభావము

వైఫై యనునది రేడియో తరంగముల ద్వారా సమాచారమును పంపు పద్ధతి. వెలుగు విద్యుదయస్కాంత తరంగమని 1865వ సంవత్సరపు వ్యాసమున మాక్స్‌వెల్ పండితుడు గణితముచే నిరూపించెను. కంటికి కనబడని అట్టి తరంగములను 1888 ప్రాంతమున జర్మనీలో హెర్ట్జ్ ప్రయోగశాలయందు పుట్టించి చూపెను. మన దేశమున 1895 ప్రాంతమున ఆచార్య జగదీశ చంద్రబోసుగారు కలకత్తాలో ఇట్టి తరంగములను గోడలగుండ పంపి, దూరముననున్న గంటను మ్రోగించిరి. నేడు మన యిండ్లలో రౌటరు చేయు పనియు ఆ జాతిదే. 1997వ సంవత్సరమున ఐ.ఇ.ఇ.ఇ. యను ఇంజనీర్ల సంస్థ దీనికి నియమములను ప్రకటించెను. 1999 నుండి వైఫై యను పేరు వాడుకలోనికి వచ్చినది.

సాధారణముగా మన రౌటర్లు రెండు విధములగు తరంగములను పంపును. ఒకటి సెకనుకు సుమారు 240 కోట్ల సారులు కంపించునది, దీనిని 2.4 గిగాహెర్ట్జ్ అందురు. రెండవది 500 కోట్లకు పైగా కంపించునది. ఇది 5 గిగాహెర్ట్జ్. వెలుగు సెకనుకు 30 కోట్ల మీటర్లు పోవును గనుక, మొదటి తరంగము పొడవెంతయో విద్యార్థులు తామే భాగించి చూడవచ్చును. అది 12.5 సెంటీమీటర్లు, అనగా అర జానకు కొంచెము మిగులు. రెండవది సుమారు 6 సెంటీమీటర్లు, అనగా బెత్తెడుకు తక్కువ. పొడుగు తరంగము గోడలను కొంత మేలుగా దాటును గాని దానిలో మోయగల సమాచారము తక్కువ. పొట్టి తరంగము ఎక్కువ సమాచారమును మోయును గాని గోడలయొద్ద త్వరగా అలసిపోవును. కావున రౌటరు గదిలో నున్నవారు 5 గిగాహెర్ట్జ్‌ను, దూరపు గదులవారు 2.4ను వాడుట మంచిది.

ఈ తరంగములను తగ్గించు కారణములు ముఖ్యముగా రెండు. మొదటిది దూరము. దూరము రెట్టింపైనచో బలము సగము గాదు, నాలుగవ వంతగును. మూడు రెట్లైనచో తొమ్మిదవ వంతగును. రెండవది అడ్డు. కొయ్య తలుపు, పలుచని చెక్క విశేషముగా అడ్డగింపవు. నాలుగున్నర అంగుళముల యిటుక గోడ కొంత మ్రింగును. తొమ్మిది అంగుళముల గోడ ఇంకను ఎక్కువ మ్రింగును. స్లాబు వీటన్నిటిని మించినది. అందు కాంక్రీటే గాక, అడ్డముగను నిలువుగను అల్లిన యినుప కమ్ములు కలవు. లోహము తరంగములను వెనుకకు త్రిప్పికొట్టును. కావున స్లాబు తరంగములకు గట్టి అడ్డుగా నుండును. కొయ్య దూలములు, పలకలు పరచిన పూర్వపు మేడలలో ఈ యిబ్బంది యింతగా నుండదు. స్టీలు బీరువా, నిలువుటద్దము వెనుకనున్న లోహపు పూత, నీళ్ల ట్యాంకు, చేపలతొట్టి కూడ గట్టి అడ్డులే.

మరియొక సంగతి. తరంగము గోడను ఏటవాలుగా తాకినచో, గోడలోపల ఎక్కువ దూరము ప్రయాణింపవలసి వచ్చును. క్రింది అంతస్తున ముందుమూల నున్న రౌటరునుండి పై అంతస్తున వెనుకమూల నున్న గదికి గీత గీసినచో, అది ప్రతి గోడను, ప్రతి స్లాబును ఏటవాలుగానే కోయును. ఆ బాలిక గది సరిగా అట్టిది.

మొదట కొలువవలెను

జ్వరము చూడకయే మందు వేయుట ఎట్టిదో, కొలువకయే క్రొత్త యంత్రము కొనుట అట్టిది. మొట్టమొదట రౌటరు ప్రక్కనే నిలిచి ఇంటర్నెట్టు వేగమును పరీక్షింపవలెను. అచ్చటను మందముగనే యున్నచో, లోపము ఇంటి వైఫైది కాకపోవచ్చును. కనెక్షను ఇచ్చినవారికి చెప్పుకొనవలెను. అచ్చట వేగముగా నుండి పైన మందగించినచో లోపము ఇంటిలోనిదే.

తరువాత తరంగముల బలమును కొలువవలెను. ఇందులకు ఆండ్రాయిడ్ ఫోనులలో ఉచితమైన యాప్‌లు దొరకును. అవి బలమును ఋణ సంఖ్యలలో చూపును. సున్నకు ఎంత దగ్గరైన అంత మంచిది. మైనస్ 50 మిక్కిలి బాగు. మైనస్ 67 వరకు చూచుచు మాటలాడు పాఠములు సాఫీగా జరుగును. మైనస్ 80 దాటినచో తెగుట తప్పదు. ఈ కొలత డెసిబెలులలో నుండును. 3 తగ్గినచో బలము సగమైనట్లు, 10 తగ్గినచో పదవ వంతైనట్లు గ్రహింపవలెను.

ఒక్కొక్క అంతస్తునకు ఒక్కొక్క కాగితము మీద ఇంటి పటము గీసి, ప్రతి గదిలోను బల్ల యుండుచోట, మంచము ఉండుచోట నిలిచి, సంఖ్యను పటములో వ్రాసికొనవలెను. ఆ యింట ఈ పనిని ఆ బాలికయే చేసెను. రౌటరు క్రింది ముందుగదిలో, టెలివిజను వెనుక, స్టీలు బీరువా ప్రక్కన, నేలకు జానెడెత్తున నుండెను. ఆ గదిలో మైనస్ 40. ఆమె కూర్చుండిన తొమ్మిదవ మెట్టుయొద్ద మైనస్ 71. ఆమె గదిలో మైనస్ 84. ఆ పటమును చూచి తాతగారు, "పిల్ల మెట్ల మీదెందుకు కూర్చుంటుందో నాకిప్పుడు తెలిసింది" అనిరి. అంతవరకు ఆమె గాలికొరకు కూర్చున్నదని వారనుకొనిరట.

రెండవది స్థానము మార్చుట

దీపమును ఇంటి నడుమ ఎత్తున పెట్టుదుముగాని, మూలనున్న పీటక్రింద పెట్టము. రౌటరునకును అంతే. కాని తీగ లాగువారు వీధివైపు గోడకు రంధ్రము చేసి, దగ్గరనున్న గదిలోనే యంత్రమును బిగించిపోవుట వాడుక. మనమును దానిని అందము చెడునని టెలివిజను వెనుకనో అలమరలోనో దాచుదుము.

మూడంతస్తుల యింటికి రౌటరు ఉండదగిన చోటు నడిమి అంతస్తు. అచ్చటనుండి పైకి ఒక్క స్లాబు, క్రిందికి ఒక్క స్లాబు మాత్రమే. క్రింద నుంచినచో పైవారికి రెండు స్లాబులు అడ్డుపడును. మెట్లు ఉన్నచోట స్లాబు తెరపి యుండును గనుక, మెట్లకు ఎదురుగానున్న గది మరింత మంచిది. మనిషి తలకంటె ఎత్తుగా, బీరువాకును అద్దమునకును ఎడముగా, తెరపిగా నుంచవలెను. వంటింటి మైక్రోవేవ్ ఓవెను 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగములతోనే పనిచేయును. అది నడుచునప్పుడు కొన్ని తరంగములు వెలికివచ్చి వైఫైకి అంతరాయము కలిగింపవచ్చును. కావున దానికిని దూరముగా నుంచవలెను.

యాంటెనాల సంగతి విద్యార్థులకు గారెను చూపి చెప్పుట సులభము. గారె చిల్లులో పుల్లను నిలువుగా గ్రుచ్చినట్లు ఊహింపుడు. పుల్ల యాంటెనా; గారె దానినుండి వ్యాపించు తరంగములు. చుట్టును వ్యాపించును గాని, పుల్ల కొనవైపున, అనగా నేరుగా పైకిని క్రిందికిని, బలము తక్కువ. అన్ని యాంటెనాలను నిలువుగా నుంచినచో ఆ యంతస్తువారికి మేలు. వానిలో నొకదానిని అడ్డముగా పండుకొనబెట్టినచో, దాని గారె నిలువుగా లేచి, మేడమీదికిని క్రిందికిని తరంగములు పోవును. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇరుగుపొరుగు రౌటర్లు అనేకములున్నచోట మరియొక చిక్కు కలదు. అందరు నొకే చానెలులో మాటలాడినచో, సంతలో నందరును ఒక్కసారి అరచినట్లుండును. ఒకరి మాట ముగియువరకు మరియొకరు ఆగవలసివచ్చును. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో నొకటి పెనుగొనకుండ వాడుకొనదగిన చానెళ్లు 1, 6, 11 అను మూడే. కొలుచు యాప్‌లో వీనిలో రద్దీ తక్కువయున్నదానిని చూచి, రౌటరు సెట్టింగులలో దానిని ఎన్నుకొనవలెను.

ఆ యింట రౌటరును మార్చుటకు తాతగారు మొదట ఇష్టపడలేదు. "పైకి తీసుకుపోతే నా వార్తలు ఆగిపోవా?" యని అడిగిరి. ఆ సందేహము న్యాయమైనదే. పైవారి కష్టమును తీర్చుటకు క్రిందివారిని కష్టపెట్టరాదు గదా! అందుచేత ముందుగా పరీక్షించి చూపుదుమని చెప్పి ఒప్పించితిమి. ఫైబరు తీగ లోపల గాజు పోగు ఉండును. దానిని మనము కోయుట, మడచుట తగదు. కనెక్షను ఇచ్చినవారినే పిలిపించి, తీగను మొదటి మేడమీద మెట్ల ప్రక్కగదికి పొడిగించితిమి. తాతగారి గదిలో మైనస్ 58 వచ్చినది, వార్తలు ఆగలేదు. బాలిక గదిలో మైనస్ 84 పోయి మైనస్ 70 వచ్చినది. 14 డెసిబెలులు పెరుగుట యనగా బలము ఇంచుమించు 25 రెట్లు పెరుగుట. ఇంతవరకు క్రొత్త యంత్రమేదియు కొనలేదు.

మూడవది తీగ

అయినను మైనస్ 70తో పాఠము అప్పుడప్పుడు తడబడుచునే యుండెను. "ఇంకా పెద్ద రౌటరు కొందుమా?" యని పినతండ్రిగారు అడిగిరి. ఇచ్చట అనేకులు పొరపడుదురు. వైఫై యనునది ఒకవైపు ఉపన్యాసము కాదు, ఇరువైపుల సంభాషణము. రౌటరు ఎంత బిగ్గరగా పలికినను, చేతిలోని చిన్న ఫోను బదులు చెప్పవలెను. ఆ బదులు రౌటరునకు వినబడవలెను. ఫోను గొంతు పెరుగదు. రౌటరు పలుకు బలమునకును ప్రభుత్వము హద్దు ఏర్పరచియున్నది. కావున గొంతు పెంచుటకంటె దగ్గరకు వచ్చి మాటలాడుట మేలు. అనగా, బలహీనముగానున్న అంతస్తులో రెండవ యంత్రమును పెట్టి, రెంటిని తీగతో కలుపవలెను.

ఈ తీగను ఈథర్నెట్ కేబులు అందురు. దీనికి స్లాబు లేదు, గోడ లేదు. 100 మీటర్ల వరకు వేగము చెడక సమాచారము పోవును. క్యాట్ 5ఇ రకము సెకనుకు ఒక గిగాబిట్టును మోయగలదు. ఇండ్లకు అదియైనను క్యాట్ 6 ఐనను చాలును. అల్యూమినియము మీద రాగి పూత వేసిన తీగలు చవుకగా దొరకును గాని, శుద్ధమైన రాగి తీగనే కోరి తీసికొనవలెను. విద్యుత్తు తీగలున్న గొట్టములో దీనిని కలిపి లాగరాదు. మెట్ల ప్రక్కగా ప్రత్యేకముగా సన్నని గొట్టము వేయుట క్షేమము. క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు ప్రతి అంతస్తునకు ఒక ఖాళీ గొట్టమును గోడలోనే విడిచిపెట్టించినచో, తరువాత గోడలు పగులగొట్టు పని యుండదు.

ఆ యింటి అటక మీద పాత రౌటరు ఒకటి దుమ్ముపట్టి యుండెను. దానిని దించి, యాక్సెస్ పాయింటుగా మార్చితిమి. కొన్నిటికి ఆ పేరుతోనే సెట్టింగు ఉండును. లేనిచో మూడు పనులు చేయవలెను. పరికరములకు చిరునామాలు పంచు డి.హెచ్.సి.పి. అను పనిని పాత రౌటరులో ఆపివేయవలెను. ఒక ఇంట ఆ పని ఒక్కరే చేయవలెను. దాని సొంత చిరునామాను మొదటి రౌటరు చిరునామాకు భిన్నముగా మార్చవలెను. తీగను దాని వ్యాను రంధ్రమున గాక ల్యాను రంధ్రమున పెట్టవలెను. రెంటికిని ఒకే పేరు, ఒకే సంకేతపదము ఉంచి, చానెళ్లు మాత్రము వేరుగా నుంచినచో, పై అంతస్తునకు పోయినపుడు ఫోను తనంతట తానే దగ్గర యంత్రమునకు మారును. ఒక్కొక్కసారి ఫోను దూరపు యంత్రమునే పట్టుకొని వ్రేలాడును. అప్పుడు వైఫైని ఒకసారి ఆపి మరల తెరచినచో సరిపోవును. ఇవన్నియు చేసినపిమ్మట బాలిక బల్లయొద్ద కొలత మైనస్ 47.

కొనుట కడపటిది

తీగ లాగుటకు వీలులేని యిండ్లు కలవు. అద్దె యిండ్లవారికి గోడ తాకుటకే అనుమతి యుండదు. అట్టివారికి రెండు మార్గములు. మొదటిది రిపీటరు. అది విన్నమాటను మరల చెప్పు దూతవంటిది. ఒకే రేడియోతో పనిచేయు రిపీటరు వినునపుడు చెప్పలేదు, చెప్పునపుడు వినలేదు. కావున వేగము ఇంచుమించు సగమగును. దీనిని సిగ్నలు లేనిచోట పెట్టుట పలువురు చేయు తప్పు. దూతకే వినబడనిచో అతడేమి చెప్పగలడు? రౌటరునకును బలహీనమైన గదికిని నడుమ, సిగ్నలు ఇంకను బాగుగా నున్నచోట పెట్టవలెను.

రెండవది మెష్ పద్ధతి. ఇందు రెండు మూడు యంత్రములు ఒకే పేరుతో కలిసి పనిచేయును. ఇది రిపీటరుకంటె మేలైనదే గాని ఖరీదు ఎక్కువ. తీగ లేనిచో వీని నడుమ సంభాషణయు స్లాబును దాటవలసినదే యని మరువరాదు. మెట్లయొద్ద ఒకదానిపై నొకటి వచ్చునట్లు అమర్చినచో నష్టము తగ్గును. మెష్ యంత్రములను తీగతో కలుపుటకు వీలున్నచో అంతకంటె కావలసినది లేదు.

ఏ పద్ధతి యైనను, సంకేతపదమును గట్టిగా నుంచి, డబ్ల్యు.పి.ఎ. 2 లేక 3 అను రక్షణను ఎన్నుకొనవలెను. పరీక్షల దినములలో విద్యుత్తు పోవు ఊళ్లలో రౌటరునకు చిన్న యు.పి.ఎస్. ఒకటి అమర్చుకొనుట మంచిది.

ముగింపు

విద్యార్థులారా, ఈ సెలవులలో మీరొక పని చేయుడు. మీ యింటి పటము గీసి, ప్రతి గదిలోను సంఖ్య వ్రాయుడు. రౌటరునుండి మీరు చదువుకొను చోటికి గీత గీసి, అది ఎన్ని గోడలను, ఎన్ని స్లాబులను దాటుచున్నదో లెక్కింపుడు. దూరపు వర్గమునుబట్టి బలము తగ్గునను పాఠము మీ యింటిలోనే మీకు కనబడును.

తలిదండ్రులకు మా మనవి యిది: ముందు కొలువుడు, పిదప చోటు మార్చుడు, ఆపైన తీగ లాగుడు, కొనుట కడపట నుంచుడు. ఇంటిలో అధమమైన సిగ్నలు ఎవరి గదికి దక్కుచున్నదో ఒక్కసారి పోయి చూడుడు. తరచుగా అది ఎక్కువ చదువవలసిన బిడ్డ గదియే యగును.

ఇక మావంటి ఉపాధ్యాయులకు వేరుగా చెప్పవలసినది లేదు. ఆ యింటి పని ముగిసిన మరునాడు, తరగతి యంతయు వినుచుండగానే, మేము ఆ బాలికను క్షమాపణ వేడితిమి. మందలింపు అందరియెదుట జరిగినది గనుక క్షమాపణయు అందరియెదుటనే జరుగవలెనని మాకు తోచెను. ఈసారి ఆమె బదులు స్పష్టముగా వినబడినది. "పరవాలేదు మాస్టారూ. నిన్నటి లెక్క ఒకటి మిగిలింది, చెప్తారా?" యని అడిగెను. చెప్పితిమి. పాఠము కడవరకు తెగలేదు.